కుడికాలి మచ్చలు

కిందటి వారం మన కోడల్ని మెట్ల కింద బోర్లా పడుకోబెట్టి, నోట్లో టార్చి పెట్టి, సైకిలు వెనక చక్రం ముందు వదిలేసి వెళ్ళిపోయాం. పాపం వారం పాటు అలాగే ఉందా అని ఎవరూ కంగారు పడనక్కర్లేదు. ఆ టైరు మీద కనబడింది చూశాక ఆ పిల్లకే లేవబుద్ధి కాలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మన కోడలు పళ్ళ ల్యాబులో పని చేస్తుంది. జనం ఊడగొట్టుకున్న పళ్ళకి బదులు పళ్ళు తయారు చేస్తుంది. పనికి పోయేది సైకిలు మీద. అదేమో మామూలు సైకిలు కాదు. గేర్లు లేవు, బ్రేకు అసలే లేదు. వెనక చక్రానికీ పెడళ్ళకీ ఒకటే ప్రాణం. చక్రం తిరుగుతున్నంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే, తొక్కడం ఆపేసి హాయిగా జారుకుంటూ పోదామంటే కుదరదు. ఆగాలంటే ఒళ్ళు ముందుకు వంచి, రెండు కాళ్ళూ బిగబట్టి, గొలుసును లాగి పట్టేయాలి. అప్పుడు చక్రం తిరగడం మానేసి, టైరు రోడ్డు మీద బర్రుమని ఈడ్చుకుపోయి ఆగుతుంది. అంటే గొలుసే దానికి బ్రేకు, కాళ్ళే దానికి దేవుడు.

ఆమె మొగుడు ప్రమాదాల బీమా ఆఫీసులో ఉద్యోగి. పొద్దస్తమానం విరిగిన కాళ్ళ ఫొటోలు చూసి ఇంటికొచ్చే మనిషి. పెళ్ళాం బ్రేకు లేని బండెక్కి పోతుంటే అతనికి ముద్ద దిగేది కాదు. పోనీ బ్రేకు బిగిద్దామంటే ఆ ఫ్రేముకి అందుకు బెజ్జమే లేదు. అయినా అతను ఎలాగో సర్దుకున్నాడు. సర్దుకోనిది అత్తగారు. మొదట్లో ఎండగా ఉందంటే బస్సులో పొమ్మనేది, మబ్బు పట్టిందంటే బస్సులో పొమ్మనేది. కోడలు అది ప్రేమ అనుకుని వారంలో సగం రోజులు బస్సే ఎక్కేది. ఆ తర్వాత ఒకరోజు, ఏ గొడవా లేకుండానే, ఆ పిశాచం ఈ ఇంట్లో ఉండాలో నేనుండాలో తేల్చుకోమని అత్తగారు కూర్చుంది. కొడుకు అమ్మ మాట జవదాటడు. ఒక ఈత మాస్టారికి సైకిలు ఇచ్చేయడానికి మాట కూడా ఇచ్చేశాడు. ఆయన ఇవాళ సాయంత్రం వచ్చి తీసుకెళ్ళాలి.

కోడలికి ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఆ సైకిలును ఆమె తుక్కుసామాన్ల కొట్టులోంచి తెచ్చుకుని, తుప్పు గీకి, ఒక్కొక్క ముక్కా వెతికి బతికించుకుంది. పొద్దున్నే ఆ వంతెన మీద గాలి మొహానికి కొడుతుంటే ఆమెకు కలిగే సంతోషం ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాదని ఆమె నమ్మకం. సరే, పంపేసే ముందు శుభ్రంగా తుడుద్దామని నిన్న సాయంత్రం మెట్ల కింద కూర్చుంది. అప్పుడే ఆ మచ్చలు కనబడ్డాయి.

ఇలాంటి బండి తొక్కేవాళ్ళు ఆపేటప్పుడు ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి బిగబడతారు. అందుకని టైరు అంతా అరగదు, అవే కొన్ని చోట్ల అరిగి మచ్చలు పడతాయి. కాలు మారితే మచ్చ పడే చోటూ మారుతుంది. మన కోడలిది ఎడమకాలు. ఆమె మచ్చలు ఆమెకు తన పుట్టుమచ్చల్లాగే తెలుసు. ఆ మచ్చల మధ్యలో, సరిగ్గా మధ్యలో, కొత్త మచ్చలు పడి ఉన్నాయి. అంటే కుడికాలు ముందుంచి ఆపే మనిషెవరో తన సైకిలు తొక్కుతున్నారు. అదీ ఏదో ఒకసారి కాదు, అలవాటుగా.

మరింత బాగా చూద్దామని చక్రం ఊడదీసింది. అంతలో పైనుంచి అత్తగారు పిలిచింది. కోడలు గబగబా చక్రం దాని చోట పెట్టి, నట్లకు తలో తిప్పు తిప్పి, తిన్నాక వచ్చి గట్టిగా బిగిద్దాంలే అనుకుని పైకి పోయింది. తిన్నాక బుర్రంతా దొంగ మీదే ఉంది. నట్ల సంగతి ఎవరికి గుర్తు? మీరు మాత్రం గుర్తుంచుకోండి.

ఇక తెల్లారింది. బస్సులో పోతున్నానని చెప్పి కోడలు సంచీ భుజాన వేసుకుని బయటపడింది. పోయింది బస్సుకు కాదు, వీధి చివర జిరాక్సు కొట్టు దగ్గరికి. ల్యాబులో తనతో పనిచేసే పొడుగాయన్ని బతిమాలి అతని గేర్ల సైకిలు అక్కడ పెట్టించుకుంది. దాని సీటు మీద కూర్చుంటే ఆమె మునివేళ్ళు మాత్రమే నేలకు తగులుతాయి. అయినా కోపం మనిషిని పొడుగు చేస్తుందేమో, ఎక్కి గోడకు ఆనుకుని కాచుకుని కూర్చుంది.

మొగుడు ఆఫీసుకి వెళ్ళాడు. పాలమనిషి పోయాడు. వీధి కాస్త సద్దుమణిగింది. అప్పుడు గేటు కిర్రుమంది.

బయటికొచ్చింది తన సైకిలే. పట్టుకున్నది ముదురురంగు వానకోటు, నెత్తిన తన హెల్మెట్టు, కాళ్ళకు మొగుడి పాత ప్యాంటు మడతలు పెట్టి. మొహం అటు తిరిగి ఉంది. ఆ మనిషి వీధి అటూ ఇటూ చూసి, ఒక్క ఊపులో ఎక్కింది. ఎక్కిన తీరు చూసే కోడలికి ఒళ్ళు మండింది. అంత సొంత వస్తువులా ఎక్కుతుందా దొంగముండ, అనుకుని పెడలు మీద కాలేసింది.

కోడలు మలుపు చేరేసరికే చాలా దూరం పోయింది వానకోటు. పాల వ్యానుకీ గోడకీ మధ్య కోడలైతే దూరని సందులోంచి, భుజం కూడా కదపకుండా దూరిపోయింది. కోడలు వ్యాను చుట్టూ తిరిగి, డ్రైవరు చేత చివాట్లు తిని, మళ్ళీ వెంటబడింది. పెద్దరోడ్డు మీద బస్సుల మధ్య, ఆటోల మధ్య, ఆ హెల్మెట్టు ఒకసారి కనబడుతుంది, ఒకసారి మాయమవుతుంది. కోడలు గేరు మార్చబోతే గొలుసు గరగరమంది. ఈ గేర్లు కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంది. తిట్టుకుంటూనే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇంత సరదా ఆమెకు ఈ మధ్యకాలంలో లేదు.

సిగ్నలు పడింది. బళ్ళన్నీ ఆగాయి, మనుషులు కాళ్ళు కింద పెట్టారు. వానకోటు పెట్టలేదు. ముందు చక్రం కాస్త పక్కకి తిప్పి, పెడలు వెంట్రుకవాసి ముందుకీ వెంట్రుకవాసి వెనక్కీ ఆడిస్తూ, సైకిలు మీద అలాగే నిలబడింది. పక్కన స్కూటరు మీదున్న పసివాడు నోరు తెరిచి చూస్తున్నాడు. కోడలికీ ఈ విద్య వచ్చు. కానీ తను నిలబడితే చేతులు వణుకుతాయి. ఈ మనిషి సంతలో బేరమాడుతూ నిలుచున్నంత తీరిగ్గా ఉంది. కోపం ఎక్కడికో పోయి, ఎవరీ మనిషి, ఎవరి దగ్గర నేర్చుకుంది అని ఆరాటం పట్టుకుంది కోడలికి.

పచ్చ దీపం వెలిగింది. వంతెన ఎక్కారు. ఎక్కుడు దారిలో గేర్ల పుణ్యమా అని కోడలు కాస్త దగ్గరైంది. వంతెన నడిబొడ్డున ఆ మనిషి రెండు చేతులూ వదిలేసింది. వదిలేసి, కళ్ళజోడు కాడను చూపుడువేలితో చెవి మీదికి రెండుసార్లు నొక్కుకుంది.

రోజూ కూరగాయలు తరిగేటప్పుడు చూసే వేలు అది. సూదిలో దారం ఎక్కించేటప్పుడూ, కోడలు చేసిన చారులో ఉప్పు తక్కువైందని చెప్పే ముందూ కనబడే వేలు అది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి టైరు మచ్చల సంగతి తెలియదు గాబోలు.

మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకుని మూలిగే అత్తగారు, అరవైకి దగ్గరపడ్డ అత్తగారు, ఆ సైకిలును పిశాచం అని తిట్టిన అత్తగారు వంతెన దిగువకు చేతులు వదిలి దూసుకుపోతోంది. కింద మలుపు దగ్గర హ్యాండిలు పట్టుకుని, ఒళ్ళు వంచి, కుడికాలు ముందుంచి, బర్రుమని చక్రాన్ని ఈడ్చి, మలుపు తిరిగింది. కోడలు కేక పెట్టబోయి పెట్టలేకపోయింది. చప్పట్లు కొట్టాలనిపించింది, అదీ కుదరలేదు.

అత్తగారు ఆగిన చోటు ఊరి చివర పాత సైకిలు పందేల మైదానం. పళ్ళెం అంచులా పైకి లేచిన సిమెంటు బాట, పగుళ్ళలో గడ్డి, తలుపు ఊడిన గేటు. కోడలు రొప్పుతూ లోపలికి వచ్చేసరికి అత్తగారు ఆ బాట మీద చుట్టు తిరుగుతోంది. చుట్టు పూర్తి చేసి, కోడల్ని చూసింది. మొహంలో రంగు మారింది కానీ పడిపోలేదు, పారిపోలేదు. నెమ్మదిగా వచ్చి దిగి, హెల్మెట్టు తీసి, చెదిరిన ముడి సవరించుకుంది.

చివరికి కోడలికి వచ్చిన మాట చాలా చిన్నది.

“మోకాళ్ళ నొప్పులన్నారు కదా అత్తయ్యా.”

“మెట్లెక్కితే నొప్పి. దీని మీద ఎక్కడిది?” అంది అత్తగారు.

కోడలికి నవ్వు ఆగలేదు. అత్తగారు కూడా నవ్వింది. నవ్వుతూనే కూర్చుంది, గడ్డి మీద, సైకిలును మాత్రం గోడకు జాగ్రత్తగా ఆనించి. అప్పుడు చెప్పింది. పెళ్ళికి ముందు ఈ బాట మీదే పందేల్లో తొక్కేదట. తూనీగ అని పిలిచేవాళ్ళట. ఇక్కడ తన వెనక చక్రం చూసినవాళ్ళే గానీ మొహం చూసినవాళ్ళు తక్కువని చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం దాచుకోలేదు. తర్వాత మైదానం మూతపడింది, పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు. ఎవరూ మానమనలేదు. ఎక్కితే ఇల్లూ వాకిలీ గుర్తుండటం లేదని తనే మానేసింది. కొడుకుతో ఈ మాట ఎన్నడూ అనలేదు. అంటే మళ్ళీ ఎక్కాలనిపిస్తుందని భయం.

“అన్నేళ్ళు దాని మొహం చూడకుండా బతికాను. నువ్వొచ్చి సరిగ్గా మెట్ల కింద పెట్టావు. తాగుడు మానేసినవాడి ఇంట్లో సీసా తెచ్చి పెట్టినట్టు పెట్టావు. పెట్టగానే చూశాను, అది రోడ్డు బండి కాదు, పందెపు బండి. ఇక నేనేం చేసేది?”

ఎండకీ మబ్బుకీ తనను బస్సెక్కించిన ప్రేమ ఏమిటో కోడలికి ఇప్పుడు తెలిసొచ్చింది. కోపం రావాలి, రాలేదు. ఇంట్లో ఎవరికీ అర్థం కాదనుకున్న సంతోషం, తన పక్క గదిలో పడుకునే మనిషికి తనకంటే ముందే తెలుసు. ఆ పిల్లకు ఎక్కడలేని హుషారొచ్చేసింది. ఇద్దరం తొక్కుదాం, మీకింకోటి వెతుకుతాను, ఈత మాస్టార్ని రావద్దని ఇప్పుడే చెప్పేద్దాం అంటూ ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేసింది.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఎముకలు గుల్లబారాయట నాకు. పడితే తుంటి విరుగుతుంది, విరిగితే ఇక మంచమే అన్నాడు డాక్టరు. సరే మానేస్తానని చెప్పి ఇంటికొచ్చాను. మర్నాడు నువ్వు బస్సెక్కడం చూశాను, మళ్ళీ దీన్ని ఎక్కాను. నా అంతట నేను మానలేనమ్మాయ్. అందుకే అది ఇంట్లోంచి పోవాలన్నాను.”

“మరి ఇవాళ ఎందుకొచ్చారు?”

“ఇవాళ ఆఖరి రోజు కదా.”

కోడలికి తన సైకిలు పోతుందన్న బాధ ఒకపక్క, ఈమె పడిపోతే అన్న భయం ఇంకోపక్క. రెండింటి మధ్యా నలుగుతూ అత్తగారి చెయ్యి వదలకుండా కూర్చుంది. అప్పుడే సంచీలో ఫోను మోగి మోగి ఆగింది. తీసి చూస్తే మొగుడు చాలాసార్లు చేశాడు, చివరికి ఒక సందేశం పెట్టాడు. ఈత మాస్టారు పొద్దున్నే వచ్చేశాడట, తను ఆఫీసు నుంచి వెనక్కి వచ్చాడట. మెట్ల కింద సైకిలు లేదు, ఇంట్లో అమ్మ లేదు, అమ్మ ఫోను వంటింట్లోనే ఉంది, దొంగలు పడ్డారేమో, పోలీసులకు చెప్తున్నాను, వెంటనే రా.

కోడలు చదవడం పూర్తి చేసేసరికి అత్తగారు హెల్మెట్టు పెట్టేసుకుంది. వాడు పోలీసుల దాకా పోకముందే వెనక సందులోంచి దూరి, గుడ్డలు మార్చుకుని, కూరల బజారుకెళ్ళానని చెప్తానంది. కోడలు అడ్డం పడింది. సైకిళ్ళు మార్చుకుందాం, బ్రేకులున్న ఈ బండి మీరెక్కండి అంది. అత్తగారు ఆ పొడుగు బండిని కింద నుంచి పైదాకా చూసి, దీనికి నిచ్చెన కూడా ఇస్తారా అని అడిగి, తన దారిన తను తొక్కేసింది.

కోడలు సైకిలు లేవనెత్తబోతూ తలెత్తి చూసింది. వెళ్ళిపోతున్న బండి కింద గొలుసు వేలాడుతోంది. బిగుతుగా ఉండాల్సిన గొలుసు, విప్పేసిన మొలతాడులా వదులుగా ఊగుతోంది. నిన్న సాయంత్రం తిప్పిన ఆ తలో తిప్పు, తిన్నాక బిగిద్దాంలే అనుకున్న నట్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పొద్దుటి నుంచి అత్తగారు తొక్కిన తొక్కుడుకి చక్రం కొంచెం కొంచెంగా ముందుకు జరిగిపోయింది. ఇంకొక్క గట్టి ఈడ్పు ఈడిస్తే గొలుసు జారిపోతుంది. గొలుసు పోతే ఆ బండికి ఆగడమే లేదు.

కోడలు అరికాళ్ళలో సత్తువంతా కూడదీసుకుని తొక్కింది. వంతెన మీద గొంతు చించుకుని అరిచింది, గొలుసు వదులైంది ఆపండి అత్తయ్యా అని. అత్తగారు వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపింది.

“పాత ఎత్తు అమ్మాయ్! నన్ను దాటలేనివాళ్ళంతా ఈ మాటే అరిచేవాళ్ళు.”

ఇక చూడాలి ఆ తూనీగ వేగం. తనను ఎవరో తరుముతున్నారని తెలిశాక ఆమెకు వయసు గుర్తులేదు, ఎముకలు గుర్తులేవు. బస్సును ఎడమపక్క నుంచి దాటింది, ఆటోను కుడిపక్క నుంచి దాటింది. సిగ్నలు దగ్గరైనా దొరుకుతుందని కోడలు ఆశపడింది. ఏం లాభం, అత్తగారు అక్కడికి చేరేసరికి పచ్చ దీపం వెలిగింది, కోడలు చేరేసరికి ఆరిపోయింది. జీవితంలో మొదటిసారి కోడలు ఎర్ర దీపాన్ని లెక్కచేయకుండా దూరిపోయింది. నాలుగు దిక్కుల నుంచీ తిట్లు పడ్డాయి. ఆమె చెవుల్లో మాత్రం ఆ వదులు గొలుసు ఫ్రేముకు తగిలే టకటకే వినబడుతోంది. నా చేత్తోనే పెట్టాను, నా చేత్తోనే పెట్టాను అనుకుంటూ తొక్కింది.

ఇంటి వీధి వచ్చింది. ఆ వీధి పై నుంచి కిందికి వాలు. వెనక సందుకి తిరగాలంటే ఇంటి ముందు నుంచే పోవాలి. అత్తగారు వాలులోకి దిగింది, కోడలు మలుపు తిరిగింది. ఇద్దరికీ ఒకేసారి కనబడింది. గేటు ముందు ఈత మాస్టారు, ఆయన పక్కన ఫోను చెవిన పెట్టుకుని కొడుకు. అతనికి కనబడింది మాత్రం వానకోటు వేసుకున్న దొంగ, తన పెళ్ళాం సైకిలు. ఫోను జేబులో వేసుకుని, పొద్దస్తమానం ప్రమాదాల కాగితాలు చూసే ఆ భయస్తుడు వీధి మధ్యకు వచ్చి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

అత్తగారు ఒళ్ళు ముందుకు వంచింది. కుడికాలు ముందుంచింది. బిగబట్టింది.

టక్కుమన్న చప్పుడు వీధంతా వినబడింది. గొలుసు ఊడి నేలమీద ఈడ్చుకుపోయింది. ఆమె కాళ్ళు ఏ బరువూ లేకుండా గిరగిరా తిరిగాయి. సైకిలు ఆగలేదు సరికదా, వాలులో ఇంకా ఊపందుకుంది.

“తప్పుకోరా కన్నా!”

ఈత మాస్టారు ఒక్క గెంతులో అరుగెక్కేశాడు. కొడుకు చేతులు గాలిలో బిగుసుకుపోయాయి. ఆ హెల్మెట్టు కింది మొహం అతనికి ఇంకా ఆనలేదు. కానీ ఆ గొంతు, పుట్టినప్పటి నుంచీ తనను పిలిచిన గొంతు.

అతను తప్పుకోలేదు. చాచిన చేతులు ఇంకా వెడల్పు చేసి, వస్తున్న సైకిలు కేసి ఒక అడుగు ముందుకు వేశాడు.